మన ఆరోగ్యకేంద్రములకు గుణపరీక్ష

గతమాసమున ఎరువుల నిమిత్తమై మా సంఘ కార్యాలయమునకు వచ్చిన సభ్యులలో ఒకరు మమ్ము ఒక ప్రశ్న యడిగిరి. "ప్రభుత్వపు ఆసుపత్రులకు పరీక్షకులు వచ్చి మార్కులు వేయుదురట. నెగ్గినచో గోడకు సర్టిఫికేటు తగిలింతురట. ఆ కాగితమువలన నా పిల్లవాని జ్వరము తగ్గునా?" అని వారి ప్రశ్న. అచ్చట నున్నవారందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. కాని వారు వెడలిన పిమ్మట ఆలోచింపగా, అది నవ్వి విడిచిపెట్టదగిన ప్రశ్న కాదని తోచినది. కాగితము జ్వరమును తగ్గింపదు, నిజమే. ఐతే ఆ కాగితమును సంపాదించుటకై ఆసుపత్రివారు చేయవలసిన పనులు కొన్ని కలవు. అవి నిజముగా జరిగినచో జ్వరము తగ్గుటకే గాక, కొన్ని సమయములందు ప్రాణము నిలుచుటకును కారణము కాగలవు. ఆ పనులెవ్వి, వానిని ఎవరు కొలుతురు, ఆ కొలతకు అందనివి ఏవి, అందు మన పాలు ఎంత యను సంగతులను ఈ సంచికలో వివరింప దలచినాము.

మన నల్లజర్ల ప్రాంతము మెట్ట. పొగాకు, మొక్కజొన్న చేలలోను, ఆయిల్‌పామ్, కొబ్బరి, కోకో తోటలలోను పనిచేయువారికి పాముకాటు, పురుగుమందుల విషము ఎల్లప్పుడు పొంచియుండు అపాయములు. దిగువను తాడేపల్లిగూడెము దాటినచో కాలువల క్రింది పల్లపు చేలు. ఏలూరునకు ఆవల కొల్లేటి సీమ. అచ్చట చుట్టును నీరే యున్నను, త్రాగుటకు మంచినీరు దొరకుట కష్టము. పట్టణమందలి పెద్ద ఆసుపత్రి యెంత గొప్పదైనను, మొదటి గంటలో మనకు దిక్కు మన మండలమునందలి ఆరోగ్యకేంద్రమే. కావున దాని గుణదోషములు మన విత్తనముల గుణదోషములవలెనే మనము విచారింపదగినవి.

మనము ఎఱిగిన పరీక్షలు

గుణపరీక్ష యన్నది కర్షకులకు క్రొత్త సంగతి కాదు. 1966వ సంవత్సరపు విత్తనముల చట్టము ననుసరించి, ప్రకటింపబడిన రకముల విత్తనమును అమ్మువారు మొలకశాతమును, శుద్ధిని తెలుపు చీటిని సంచికి కట్టుట విధి. కాని ధ్రువీకరణము అట్లు కాదు. అధికారులు చేనిలోనికి వచ్చి కల్తీమొక్కలను చూచి, పిదప విత్తనమును పరీక్షించి నీలిచీటి నిచ్చుట విత్తనము పండించువారు తామై కోరుకొన్నప్పుడే జరుగును. 1937వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన ఆగ్‌మార్కు ముద్రయు చాల సరకుల విషయమున ఇట్టిదే. నెయ్యి అమ్మువాడు ముద్ర లేకయు అమ్మవచ్చును. ముద్ర కావలెనన్నచో పరీక్షకు ఒప్పుకొనవలయును.

ఇక మన సంఘపు లెక్కల సంగతి. ఆడిటు చట్టముచే విధింపబడినది. దానిని తప్పించుకొనుటకు వీలులేదు. ఆడిటరు వచ్చి లెక్కలు చూచి, తప్పులు వ్రాసి, సంఘము ఏ తరగతికి చెందినదో నిర్ణయించును. మంచి సంఘమువారు ఆడిటరు వచ్చువఱకు ఆగరు. నెలకొకమాఱు తమలో తామే నిలువను, రొక్కమును సరిచూచుకొందురు. అట్లు చేయువారికి ఆడిటు భయము కాదు. అది తమ పనికి సాక్ష్యము.

ఈ దృష్టాంతములనుండి ఒక భేదమును గ్రహింపవలయును. లైసెన్సు మొదలగు విధి పరీక్షలు "ఇంతకంటె తక్కువ కాగూడదు" అని గీత గీయును. స్వచ్ఛంద పరీక్ష "ఇంతవఱకు ఎక్కుము" అని నిచ్చెన వేయును. మొదటిది చెడ్డవానిని అడ్డుటకు. రెండవది మధ్యముని మంచివానిగా చేయుటకు. ఆరోగ్యకేంద్రములకు ఇప్పుడు జరుగుచున్నది ఈ రెండవ జాతి పరీక్ష.

ఈ పద్ధతి పుట్టిన విధము

ఆసుపత్రులను ఇట్లు కొలుచుట అమెరికాలో మొదలైనది. అచ్చటి శస్త్రవైద్యుల కళాశాల యను సంస్థవారు 1917లో ఒక "కనీస ప్రమాణము"ను వ్రాసిరి. అది ఒక పుటకు మించలేదు. వైద్యులు ఒక కట్టుబాటునకు లోబడవలెననియు, ప్రతి రోగికి వివరమైన రికార్డు ఉండవలెననియు, రోగనిర్ణయమునకు పరిశోధనశాల ఉండవలెననియు అందలి ముఖ్యాంశములు. 1918లో నూఱు పడకలకు తక్కువ కాని 692 ఆసుపత్రులను చూడగా, 89 మాత్రమే ఆ చిన్న ప్రమాణమునకు నిలిచినవి. పేరుమోసిన ఆసుపత్రులు కొన్ని తప్పినవి. ఆ పట్టిక పత్రికలకు చిక్కునను భయముచే 1919లో దానిని కొలిమిలో వేసి కాల్చిరని చెప్పుదురు. పట్టిక కాలినను పని ఆగలేదు. ఏటేట పరీక్ష సాగినది. నిలుచు ఆసుపత్రుల సంఖ్య పెరిగినది. 1951లో ఆ పనిని వహించుటకు వేఱొక ఉమ్మడి సంస్థ ఏర్పడినది.

మన దేశమున కథ వేఱుగా నడచినది. మనకు మొదట కావలసినది ఆసుపత్రుల గుణము కాదు, ఆసుపత్రులే. 1943లో నియమింపబడిన భోర్ సంఘమువారు 1946లో తమ నివేదిక నిచ్చి, మొదటి మెట్టుగా నలువదివేల జనమునకు ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఉండవలెననిరి. 1952లో సమాజాభివృద్ధి పథకముతో అట్టి కేంద్రములు వెలయసాగినవి. ఇప్పటి ప్రమాణము మైదానమున 30,000 జనమునకు ఒకటి. కేంద్రము లెన్ని యున్నవని లెక్కించుటయే చాలకాలము పరిపాటి యయ్యెను. ఎన్ని పనిచేయుచున్నవి, ఎట్లు పనిచేయుచున్నవి యని అడుగుట ఆలస్యముగ వచ్చినది. 2007లో భారత ప్రజారోగ్య ప్రమాణములు వెలువడి, ఒక్కొక్క కేంద్రమున ఏయే గదులు, ఏయే పరికరములు, ఎందఱు ఉద్యోగులు ఉండవలెనో చెప్పినవి. 2012లోను 2022లోను వానిని సవరించిరి. ఉన్న వస్తువులతో పని యెట్లు జరుగుచున్నదో కొలుచుటకై 2013లో జాతీయ గుణభరోసా ప్రమాణములు ఏర్పడినవి. వీనిని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ పక్షమున ఢిల్లీయందలి జాతీయ ఆరోగ్యవ్యవస్థల వనరుల కేంద్రము నడపుచున్నది.

పరీక్ష జరుగు తీరు

ఈ ప్రమాణములు ఎనిమిది భాగములు. సేవలు దొరకుట యొకటి, రోగుల హక్కులు రెండవది, భవనము, మందులు, మనుష్యులు మొదలగు వనరులు మూడవది, నీరు, విద్యుత్తు, మందుల నిలువ, పరికరముల సంరక్షణ మొదలగు సహాయక సేవలు నాలుగవది, చికిత్స ఐదవది, ఆసుపత్రిలో ఒకరినుండి ఒకరికి అంటు సోకకుండ చేయుట ఆఱవది, గుణనిర్వహణము ఏడవది, ఫలితములు ఎనిమిదవది. ప్రతి భాగమునను ప్రమాణములును, వానిక్రింద తనిఖీ అంశములును ఉండును. ఒక్కొక్క అంశమునకు పూర్తిగా నున్నచో రెండు మార్కులు, కొంత యున్నచో ఒకటి, లేనిచో సున్న. మొత్తముమీద నూటికి డెబ్బది రానిదే సర్టిఫికేటు లేదు.

పరీక్షకులు సంగతి తెలిసికొను మార్గములు నాలుగు. కన్నులతో చూచుట, ఉద్యోగులను అడుగుట, రికార్డులు చదువుట, రోగులను అడుగుట. ఈ నాలుగును ఒకదాని నొకటి సరిచూచుకొనును. మందు ఉన్నదని రిజిస్టరు చెప్పవచ్చును. బీరువా తెఱచి చూడవలయును. చేతులు కడుగుదుమని నర్సు చెప్పవచ్చును. ఒకమాఱు కడిగి చూపుమని అడుగవలయును. మందులు ఉచితముగా నిచ్చితిమని డాక్టరు చెప్పవచ్చును. బయట అరుగుమీద కూర్చున్న ముసలమ్మను అడుగవలయును.

కేంద్రమువారు ముందుగా తమ్ము తామే కొలుచుకొని, లోపములు దిద్దుకొని, పిదప జిల్లాకు, రాష్ట్రమునకు తెలుపుదురు. రాష్ట్రమువారు చూచి తృప్తిపడిన మీదట, ఆ కేంద్రముతో సంబంధము లేని జాతీయ పరీక్షకులు వత్తురు. సర్టిఫికేటు మూడు సంవత్సరములవఱకే చెల్లును. నడుమ సంవత్సరములలో రాష్ట్రమువారు మరల చూడవలయును. గడువు తీరిన పిమ్మట మొదటినుండి పరీక్ష.

దీనికి తోడుగా మఱి రెండు పథకములు కలవు. 2015 మే నెలలో ఆరంభమైన "కాయకల్ప" ఆసుపత్రుల శుభ్రతకు బహుమతుల నిచ్చునది. మొదటి నిబంధనల ప్రకారము, జిల్లాలో మేలైన ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు రెండులక్షల రూపాయలు. నూటికి డెబ్బది దాటిన తక్కినవానికి ఏబదివేలు. బహుమతి సొమ్ములో ముప్పాతిక భాగము ఆసుపత్రి బాగునకు, పాతిక భాగము ఉద్యోగులకు. 2017 డిశంబరులో ఆరంభమైన "లక్ష్య" కాన్పుగదులకు ఉద్దేశింపబడినది.

చిన్న పనులు, పెద్ద ఫలములు

ఇదియంతయు కాగితపు సంగతివలె కనబడవచ్చును. కావున రెండుమూడు పనులను దగ్గఱగా చూతము.

పొలమున ఒకని పాము కఱచినది; ఏ పామో చూడలేదు. ఆరోగ్యకేంద్రమున ఏమి జరుగవలయును? రక్తపింజర, చిన్నపింజర జాతుల విషము రక్తమును గడ్డకట్టనీయదు. దీనిని తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. శుభ్రమై, పొడిగా నున్న గాజు గొట్టములో కొంచెము రక్తమును తీసి, ఇరువది నిమిషములు కదల్పకుండ ఉంచవలయును. పిదప వంచి చూచినచో, గడ్డకట్టినది లేనిది తెలియును. దీనికి యంత్రము అక్కఱలేదు, విద్యుత్తు అక్కఱలేదు; గాజు గొట్టము, గడియారము, నేర్చిన మనిషి చాలును. ఐతే గొట్టము తడిగా నున్నను, సబ్బుతో కడిగి సరిగా జాడింపకున్నను, గాజునకు బదులు ప్లాస్టిక్కు వాడినను ఫలితము తప్పును. నాగుపాము, కట్లపాము కఱచినచో గుర్తు రక్తమునందు గాక కనుఱెప్పలు వాలుటయందును, ఊపిరి కష్టమగుటయందును తెలియును. మన దేశమున చేయు విరుగుడుమందు ఈ నాలుగు పాముల విషమునకును పనిచేయును. మొదటి విడతగా ఎనిమిదినుండి పది సీసాలు కావలసివచ్చును. నిలువలో మూడే సీసాలున్నను "మందు ఉన్నది" అని రిజిస్టరు చెప్పును. కఱవబడినవానికి అది లేనట్లే. మఱియు విరుగుడుమందు కొందఱికి పడదు. అందుచే దానికి ప్రతిక్రియగా అడ్రినలిను సూది ప్రక్కనే సిద్ధముగ ఉండవలయును. గుణపరీక్ష యనగా ఇదియే: ఎన్ని సీసాలున్నవి, గడువు ఎప్పటివఱకు, రాత్రి రెండు గంటలకు తాళపుచెవి యెవరియొద్ద నుండును, అప్పుడున్న నర్సునకు గొట్టపు పరీక్ష తెలియునా?

రెండవది టీకామందు. దానిని రెండు డిగ్రీలకు తక్కువ కాకుండ, ఎనిమిది డిగ్రీలకు మించకుండ ఉంచవలయును. వేడిచే కొన్ని టీకాలు చెడును. గడ్డకట్టినచో మఱికొన్ని చెడును. చెడిన టీకా చూపునకు మంచి టీకావలెనే ఉండును. సూది వేసినప్పుడు బిడ్డ అట్లే యేడ్చును. కాని రోగమునుండి రక్షణ యుండదు. అందుచే దినమునకు రెండుమాఱులు ఉష్ణమానమును చూచి వ్రాయవలయును. ముప్పది దినములును ఒకే సిరాతో, ఒకే చేతితో, ఒకే అంకెతో నిండిన పుటను చూచినచో, అది ఒక్కపూటలో వ్రాసినదని పరీక్షకుడు గ్రహించును. మన ఆడిటరు చిట్టాపుస్తకమును చూచి గ్రహించుటయు ఇట్లే కదా!

మూడవది రక్తపుపోటు కొలుచు యంత్రము. తూకపు రాళ్లకు గడువు ప్రకారము ముద్ర వేయించనిచో, వర్తకునిపై కేసు పెట్టుదురు. పోటు యంత్రము తప్పు చెప్పినచో, మందు అక్కఱలేనివాడు మందు మ్రింగును. కావలసినవాడు మ్రింగక పక్షవాతమున పడును. తక్కెడకు కావలసిన ముద్ర దీనికి అక్కఱలేదా?

దిద్దుబాటు యొక్క చక్రము

పరీక్ష లోపమును చూపును; దానిని దిద్దుట వేఱు పని. దానికి నాలుగు మెట్లు చెప్పుదురు. ఆలోచించుట, చేసిచూచుట, సరిచూచుట, స్థిరపఱచుట. మనకు ఇది తెలిసినదే. క్రొత్త రకము వచ్చినప్పుడు బుద్ధిమంతుడు చేనంతయు వేయడు, ఒక మడిలో వేసి చూచును, పంట కొలుచును, మంచిదైనచో వచ్చే యేడు చేనంతట వేయును.

ఆరోగ్యకేంద్రమున ఇది యెట్లుండునో ఉదాహరణము చెప్పెదము. రక్తపుపోటునకు మాత్రలు తీసికొనిపోయినవారు నూఱుమంది యని యనుకొందము. మూడవ నెలలో తిరిగి వచ్చినవారు నలువదిమందియే యనుకొందము. తక్కినవారు ఏమైరి? విచారింపగా, నాట్ల కాలమున ఉదయము కూలికి పోవువారు పదిగంటలకు రాలేరని తేలవచ్చును. అప్పుడు వారమునకు ఒకదినము సాయంకాలము మాత్ర లిచ్చి చూడవచ్చును. నెల గడచిన పిమ్మట మరల లెక్కించి, వచ్చినవారు పెరిగినచో ఆ పద్ధతిని స్థిరపఱపవచ్చును. లేనిచో వేఱొకటి చూడవచ్చును. ఇందు ఎవరిని నిందించుటయు లేదు; లెక్కించుటయే కలదు. నిందించిన చోట లోపము దాగును. లెక్కించిన చోట బయటపడును.

ఏలూరు నేర్పిన పాఠము

ఇంతవఱకు మేము చెప్పినది ఆసుపత్రి గోడలలోపలి మాట. గోడల వెలుపల ఏమి? ఈ ప్రశ్నను మనకు నేర్పినది ఏలూరు.

2020 డిశంబరు 5వ తేదీన ఏలూరు ఒకటవ పట్టణ ప్రాంతమున జనులు ఉన్నట్టుండి మూర్ఛపోవసాగిరి. ఫిట్లు, వాంతులు, కొంతసేపు తెలివితప్పుట; పిదప చాలమంది త్వరలోనే కోలుకొనుచుండిరి. కొద్దిదినములలో ఆఱువందలకు మించి జబ్బుపడిరి. ఒకరు మరణించినట్లు ప్రకటింపబడినది. ఆసుపత్రి సిబ్బంది రాత్రింబవళ్లు పనిచేసి, వచ్చినవారిని కాపాడిరి. కాని కారణ మేమి? ఢిల్లీయందలి అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు రోగుల రక్తమున సీసము, నికెలు ఉన్నవనిరి. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు పురుగుమందుల శేషములను కనుగొనిరి. పురుగుమందులే ముఖ్యకారణము కావచ్చునని ఆ నెల నడుమ ప్రభుత్వమునకు నివేదింపబడినది. ఐనను ఆ విషము ఏ త్రోవను, నీటినుండియా, కూరలనుండియా, జనుల శరీరములలోనికి పోయినది యను సంగతి అందఱును ఒప్పునట్లు తేలలేదు. 2021 జనవరిలో భీమడోలు మండలమున పుల్లయందును, దెందులూరు మండలమున కొమిరేపల్లియందును అట్టి మూర్ఛలే కనబడినవి. భీమడోలు మనకు ఎంత దూరము?

ఇచ్చట ఆసుపత్రి తప్పినదని మేము చెప్పుట లేదు. మా మాట వేఱు. ఆనాడు ఏలూరునందలి ఆసుపత్రికి నూటికి నూఱు మార్కులు వచ్చియున్నను, ఈ జబ్బు ఆగెడిది కాదు. దీనిని ముందుగా పట్టవలసినది రోగి మంచముకడ కాదు. నీటి నమూనాలను క్రమముగ తీయుచోట, కూరలలో మందుల శేషములను పరీక్షించుచోట, వార్డు వారీగా జబ్బుల లెక్క చూచుచోట. ఇది శాఖ యొక్క పని. ఒక్క ఆసుపత్రి పని కాదు. 1939వ సంవత్సరపు మదరాసు ప్రజారోగ్య చట్టము నీటివసతి, మురుగు, అంటురోగములు మొదలగువానిపై ప్రజారోగ్యాధికారులకు అధికారముల నిచ్చినది. 2004లో సమగ్ర రోగనిఘా పథకము ఏర్పడినది. అధికారము కలదు, పథకము కలదు. అవి యెంత బాగుగ నడచుచున్నవో కొలుచు కొలబద్ద యేది?

శాఖనే కొలుచు పద్ధతి

అమెరికాలో ఈ కొలబద్దను చేసిరి. 2007లో ప్రజారోగ్య గుర్తింపు మండలి యను సంస్థ అచ్చట ఏర్పడినది. 2011 సెప్టెంబరులో దరఖాస్తులు తీసికొనుట ఆరంభించినది. 2013 ఫిబ్రవరిలో మొదటిమాఱు పదునొకండు ఆరోగ్యశాఖలకు గుర్తింపు నిచ్చినది. ఈ పరీక్షకు రమ్మని వారి కేంద్రప్రభుత్వము నిర్బంధింపదు. శాఖ తానై కోరవలయును. గుర్తింపు ఐదేండ్లవఱకే చెల్లును.

వారు మొదట అడుగునవి మూడు. తన ప్రాంతపు జనుల ఆరోగ్యస్థితి యెట్లున్నదో జనులతో కలిసి శాఖ చేసిన విచారణ యొకటి. ఆ స్థితిని బాగుచేయుటకు ఏర్పఱచుకొన్న ప్రణాళిక రెండవది. తన స్వంత పనికి వేసికొన్న దీర్ఘకాలపు ప్రణాళిక మూడవది. అనగా పడకలెన్ని యని కాక, "మీ జనులకు ఏమి జబ్బులు వచ్చుచున్నవో మీరు ఎఱుగుదురా? ఎఱిగి ఏమి చేసితిరి?" అని అడుగుచున్నారన్నమాట.

మన జాతీయ ప్రమాణములు కేంద్రములను కొలుచును. అమెరికా పద్ధతి శాఖను కొలుచును. రెండును కావలయును. మన దేశమునను ఆ దిక్కునకు ఒక అడుగు పడినది. 2024 జూన్ నెలలో జిల్లాల ప్రజారోగ్య పరిశోధనశాలలకు ప్రత్యేకముగ గుణప్రమాణములు వెలువడినవి. నమూనా ఏలూరులో తీసినచో ఫలితము ఏలూరులోనే, నమ్మదగినదిగా, వెంటనే తెలియుట యెంత అవసరమో 2020 అనుభవము చెప్పుచున్నది.

కొన్ని ఆక్షేపణలు

ఈ పద్ధతి దోషరహిత మని మేము చెప్పము. మొదటి దోషము, పరీక్ష కొఱకు పరీక్ష. పరీక్షకులు వచ్చు వారమున గోడలకు సున్నము, కుండీలకు పూలమొక్కలు, రిజిస్టర్లకు క్రొత్త అట్టలు వచ్చును. వారు వెడలగనే మొక్కలు ఎండును. రెండవది, వ్రాతపని. ఒక్క నర్సు ముప్పది పుస్తకములు నింపవలసినచో, రోగిని చూచు పొద్దు పుస్తకము తినివేయును. మూడవది, ఖాళీలు. డాక్టరు ఉద్యోగము భర్తీ కానిచోట ఎన్ని ప్రమాణములు వ్రాసినను ఫలము లేదు. ప్రమాణము లోపమును చూపగలదు గాని మనిషిని పుట్టింపలేదు. నాలుగవది, స్వచ్ఛందము అను మాట. చట్టము విధింపకున్నను, ప్రభుత్వము ఇన్ని కేంద్రములకు సర్టిఫికేట్లు రావలెనని లక్ష్యములు పెట్టుచున్నది. అప్పుడు క్రిందియుద్యోగికి అది పైనుండి వచ్చిన ఉత్తరువే యగును. ఉత్తరువునకు జరుగు పని ఉత్తరువుతోనే ముగియును.

ఈ దోషములకు మందు పరీక్షను మానుట కాదు. ఆడిటులో దొంగలెక్కలు వ్రాయువారున్నారని ఆడిటును మానుదుమా? పరీక్షకును పరీక్షకును నడుమ చూచు కన్నులు కావలయును. ఆ కన్నులు ఢిల్లీలో లేవు, నల్లజర్లలో కలవు. అవి మనవి.

సంఘసభ్యులు చేయదగిన పనులు

మొదటిది, పరీక్షకులు రోగులను అడుగుదురని చెప్పితిమి. అడిగినప్పుడు నిజము చెప్పవలయును. మనవాడని మెప్పును, కోపమున్నదని నిందను చెప్పరాదు. "మందు ఇచ్చిరి, ఎట్లు మ్రింగవలెనో చెప్పలేదు" అను ఒక్క నిజమైన మాట పది పొగడ్తలకంటె ఉపకారము.

రెండవది, ఆరోగ్యకేంద్రములకు ఆసుపత్రి అభివృద్ధి సంఘములును, గ్రామములకు ఆరోగ్య పారిశుద్ధ్య పోషణ సంఘములును కలవు. వాని సమావేశములకు పోవువారు తక్కువ. మన సభ్యులు పోయి, గట్టిగా గాక మర్యాదగా, మూడు ప్రశ్నలు అడుగవచ్చును. పాముకాటు మందు ఎన్ని సీసాలున్నవి? గత పరీక్షలో తేలిన లోపములెవ్వి? వానిలో ఎన్ని దిద్దితిరి? ఈ మూడవ ప్రశ్నయే ముఖ్యము.

మూడవది, నీరు. కుళాయినీటిలో క్లోరిను శేషము లీటరునకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదని దేశీయ ప్రమాణము. చిన్న గొట్టములో నీరుపోసి, చుక్క మందు వేసి, రంగు చూచినచో నిమిషములో తెలియును. పంచాయతీవారిచే దీనిని వారమున కొకమాఱు చేయించి, బోర్డుపై వ్రాయింపవచ్చును.

నాలుగవది మనలను మనము పరీక్షించుకొనుట. ఏలూరు సంగతి విన్న పిదప, పురుగుమందు డబ్బాను కాలువలో కడుగు రైతు ఎవరి ఆరోగ్యశాఖను తప్పుపట్టగలడు? మందు చల్లిన పిమ్మట నిర్ణీత దినములు గడవకముందే కూరలు కోసి సంతకు పంపువారు మనలో లేరా? మఱియు ఎవరికైనను విషము సోకినచో, మందు డబ్బాను చీటితోకూడ ఆసుపత్రికి తీసికొనిపోవలయును. ఏ మందో తెలిసినచో వైద్యుడు తగిన విరుగుడును త్వరగా ఇయ్యగలడు.

ఐదవది, సర్టిఫికేటు వచ్చిన కేంద్రమున దానిపై తేదీ చూడవలయును. మూడేండ్లు దాటినచో అది గడువు తీరిన విత్తనపు చీటివంటిది. గోడమీద ఉండవచ్చును గాని మాట చెల్లదు.

మా కార్యాలయమునకు వచ్చి ప్రశ్నించిన సభ్యునకు ఇప్పుడు మా ప్రత్యుత్తరము. అయ్యా, కాగితము మీ పిల్లవాని జ్వరమును తగ్గింపదు. కాని ఆ కాగితము నిజమైనదైనచో, మీరు అర్ధరాత్రి పిల్లవానిని ఎత్తుకొని పోయినప్పుడు తలుపు తెఱచియుండును. మందు గడువులో నుండును. సూది క్రొత్తదై యుండును. చేతులు కడిగినవై యుండును. అది నిజమైనదో కాదో ఢిల్లీ పరీక్షకులు మూడేండ్లకు ఒకమాఱు చూతురు. తక్కిన దినములన్నియు చూడవలసినవారము మనము.